పిప్పరమెంటు కరిగేదాకా

కీబోర్డును తిరగేసి బల్ల అంచుకు రెండుసార్లు తట్టారు మాస్టారు. బిస్కెట్ పొడి, ఒక తెల్లవెంట్రుక, విరిగిన పెన్సిల్ ముక్కు రాలాయి. వాటిని అరచేతిలోకి ఊడ్చి బుట్టలో పారేసి, మళ్ళీ ఇంకోసారి తట్టారు. నెలనెలా సమావేశం ఉన్న శనివారం పొద్దున ఆయన చేసే మొదటి పని ఇదే. ఇవాళతో ఆయన ఉద్యోగం పూర్తి, సోమవారం నుంచి ఆ కీబోర్డు ఇంకొకరిది. అయినా ఏం తక్కువ చెయ్యలేదు. అరువు తెచ్చుకున్న గిన్నెను కడిగి ఇవ్వడం మర్యాద కదా.

మనిషి సన్నం, మెడ పొడుగు. చొక్కా ఏదైనా సరే ఎడమజేబు కిందికి జారి ఉంటుంది. అందులో ఒక గుండ్రటి రేకు డబ్బా, దాన్నిండా పిప్పరమెంటు బిళ్ళలు. ఆయన మెట్లెక్కుతుంటే ఆ బిళ్ళల గలగలకే మూడో అంతస్తులో వాళ్ళు కబుర్లు ఆపి కంప్యూటర్ల వైపు తిరుగుతారు. ఆయన ఎవర్నీ ఏమీ అనరు. అయినా తిరుగుతారు.

బస్సుల సంస్థలో ఆయన ప్రోగ్రామర్. పదకొండు డిపోల్లో ఏ డ్రైవరు ఏ రోజు ఏ బండి ఎక్కాలో చెప్పే డ్యూటీ చార్టు ఆయన రాసిన ప్రోగ్రాంలోంచే వస్తుంది. డిపో గుమాస్తాలకు దాన్ని నేర్పింది కూడా ఆయనే కాబట్టి మాస్టారయ్యారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా లేదు.

పనిముట్ల విషయంలో ఆయనకు మోజూ లేదు, భయమూ లేదు. ప్రోగ్రాం రాసే సాధనాలు ఆయన ఉద్యోగకాలంలో ఏడు మారాయి. వచ్చిన ప్రతిదీ ఇక మీ కష్టాలన్నీ తీరిపోయాయన్నట్టే వచ్చింది. ప్రతిదానికీ ఐదురోజుల శిక్షణ, చివర్లో ఒక సర్టిఫికెట్, ఒక గుడ్డసంచి. సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో ఆయనకే తెలియదు. సంచులు మాత్రం ఇంట్లో పప్పులకీ కూరగాయలకీ పనికొస్తున్నాయి. "ఇంకో శిక్షణకు వెళ్ళిరండి, ఉల్లిపాయలకు సంచి లేదు" అని వాళ్ళావిడ మొన్నటిదాకా ఎగతాళి చేసేది. ఈ పొద్దున మాత్రం ఎగతాళి చెయ్యలేదు. బటన్ ఊడిన చొక్కా విప్పించి వేరేది చేతికిచ్చి, "సాయంత్రం తొందరగా వచ్చెయ్యండి" అంది.

"మాస్టారూ, ఒక్క నిమిషం" అని పక్క బల్ల దగ్గరి కొత్తమ్మాయి పిలిచింది.

ఆయన కుర్చీలోకి వస్తున్నది ఆ అమ్మాయే. చేరి ఆరునెలలైంది. చురుకైనది. ఆయన వారం రోజులు తిప్పలు పడే ముడిని మధ్యాహ్నంలోగా విప్పేస్తుంది. విప్పాక విప్పానని నలుగురికీ చెబుతుంది కూడా. ఆ వయసులో తానూ అంతేనని మాస్టారికి గుర్తుంది కనుక ఆ చెప్పడం మీద ఆయనకు కోపం లేదు. కొత్తగా వచ్చిన ఎనిమిదో సాధనం ఆ అమ్మాయికి చేతివేలి ఉంగరంలా కుదిరింది. అది ప్రోగ్రాం మొత్తం చదివి, ఏ పరీక్షలోనూ ఎప్పుడూ నడవని వరుసల్ని బూడిదరంగులో చూపిస్తుంది.

"ఇది చూడండి. 'ఇక్కడికి ఎవరూ రారు.' ఏంటి మాస్టారూ ఇది?"

తెరమీద బూడిదరంగులో తన అక్షరాలే కనిపించి మాస్టారు నవ్వారు. ఒక బండికి డ్రైవరును వెతకడానికి ప్రోగ్రాం మూడు దారుల్లో ప్రయత్నిస్తుంది. మూడూ మూసుకుపోతే అదనపు డ్రైవరును పిలుస్తుంది. ప్రతి డిపోలోనూ అదనపు డ్రైవరు ఒకడైనా ఉంటాడు. ఆ తరువాత వరుసకు పని పడదు. అయినా ఏదో ఒకటి రాయాలి కనుక, పంతొమ్మిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం సరదాకి అలా రాశారు.

"నా చాదస్తం."

"తీసేయనా? దీనిమీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు."

"తీసెయ్యి."

ఒక్క మీట నొక్కింది, పోయింది. కొత్తమ్మాయి తల తిప్పకుండానే అడిగింది: "ఇవాళ మీటింగ్ ఎంతసేపు ఉంటుంది? వచ్చే నెల నుంచి ఫారం పెడుతున్నాంగా. ఎవరి ఇబ్బంది వాళ్ళు రాసి పంపుతారు. మీటింగ్ ఉండాలా వద్దా అనేది నీ ఇష్టం అన్నారు మేనేజర్ గారు."

మాస్టారు ఈ నెలంతా మోస్తున్న బరువు అదే. ప్రోగ్రాం ఏమైపోయినా ఆయనకు పరవాలేదు, అది ఎలాగూ మారాల్సిందే. ఆ సమావేశం మాత్రం పోకూడదు. అలాగని నోరు తెరిచి అడగరు. అడిగితే పెద్దాయన మాట తీసెయ్యలేక రెండు నెలలు జరుపుతుంది, మూడోనెల హాలు తాళం తియ్యరు. మొహమాటానికి జరిగే సమావేశం ఉన్నా లేనట్టే.

"ఎంత, ఒక గంట" అన్నారు.

రికార్డుల్లో దాని పేరు 'వినియోగదారుల బృందం'. గుమాస్తాలు పెట్టుకున్న పేరు 'తిట్టేవాళ్ళ సంఘం'. దానికి ఒకే ఒక నియమం ఉంది. ఆ నియమం పుట్టింది గుమాస్తాలకు ఆయన ఇచ్చిన మొదటి శిక్షణలో. పెద్ద డిపో నుంచి వచ్చిన గుమాస్తా ఒకావిడ లేచి, మీ ప్రోగ్రాం ఒకే డ్రైవరును ఒకే గంటలో రెండు బండ్లు ఎక్కిస్తోందని చెప్పింది. అలా జరగదు, మీరే తప్పు నొక్కి ఉంటారన్నారు ఈయన. ఆవిడ కాదంది. ఈయన మాట మీద మాట పెంచుకుంటూ అరగంట వాదించారు. తీరా చూస్తే ఒకే పేరున్న ఇద్దరు డ్రైవర్లను ప్రోగ్రాం ఒక్కడిగా లెక్కగట్టింది. ఆ ఇద్దరిలో ఒకతను పాపం, డ్యూటీ లేదనుకుని రెండురోజులు ఇంట్లో కూర్చున్నాడు. మర్నాడు ఆవిడ చేతిసంచిలోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇది నోట్లో వేసుకోండి. కరిగేదాకా మేం మాట్లాడతాం, మీరు మాట్లాడకూడదు. కొరకడానికి వీల్లేదు."

అప్పట్నుంచి ఆయన కొరకలేదు. బిళ్ళ కరగడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. చలికాలం ఒకటి రెండు ఎక్కువ. ఆ పన్నెండు నిమిషాల్లో తిట్లు ముందొస్తాయి, ఫిర్యాదులు తరువాత, అసలు సంగతి ఎప్పుడూ చివరి రెండు నిమిషాల్లోనే బయటపడుతుంది. సంగతి తెలిసి వాళ్ళావిడ మూతి తిప్పింది, "నేను మాట్లాడేటప్పుడు మాత్రం మీకా బిళ్ళ గుర్తురాదు" అని. అదీ నిజమే.

క్యాంటీన్ మీది హాల్లో పదకొండుమందీ వచ్చి కూర్చున్నారు. ఆనాడు బిళ్ళ ఇచ్చిన పెద్ద డిపో అక్క జుట్టు ఇప్పుడు పూర్తిగా నెరిసింది, గొంతు మాత్రం నెరవలేదు. "మాస్టారూ, ఇవాళ తిట్టించుకునే వంతు ఎవరిది?" అని గుమ్మంలోంచే అరిచింది.

మాస్టారు డబ్బా మూత తీసి కొత్తమ్మాయి ముందుకు జరిపారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి నవ్వి ఒకటి నోట్లో వేసుకుంది. మొదటి గుమాస్తా, చార్టు అచ్చు వేస్తే చివరి గడి తెగిపోతోందని ఇంకా చెబుతుండగానే టక్కుమని చప్పుడైంది. బిళ్ళ రెండు ముక్కలు.

"అది కాగితం సైజు. మార్చుకుంటే సరిపోతుంది."

నిజంగానే సరిపోతుంది. రెండో ఆయనకు, మూడో ఆవిడకు కూడా అంతే చకచకా చెప్పింది. ఒక్క జవాబూ తప్పు కాదు. "అబ్బ, అమ్మాయి గట్టిదే" అన్నారెవరో. గంట పట్టే సమావేశం పదినిమిషాలకే చివరికి వచ్చింది. మాస్టారికి సంతోషంగానూ ఉంది, దిగులుగానూ ఉంది. సరిగ్గా జవాబు చెప్పేవాళ్ళకు ఎలా అడ్డుచెబుతాం?

"ఇంకెవరైనా? మీరు?" అని చివరి కుర్చీ వైపు చూసింది.

ఆ కుర్చీలో ఉన్నది చివరి డిపో గుమాస్తా. బస్సు దారి ఆగిపోయేచోట, నాలుగు బండ్లున్న డిపో ఆయనది. పాత డ్రైవరు. మోకాలు నొప్పి వచ్చాక ఆరేళ్ళ కిందట బల్ల పనికి మారాడు. ప్రతినెలా మూడుగంటలు ప్రయాణం చేసి వస్తాడు, రెండు టీలు తాగుతాడు, అడిగితే "మాకేం లేదండి" అంటాడు, వెళ్ళిపోతాడు.

"మాకేం లేదండి" అన్నాడు లేచి. అయితే ఈసారి కూర్చోలేదు. "మాస్టారు వెళ్ళిపోతున్నారు కదా, ఒక ముక్క చెబుదామని. మా డిపో గురించి మీరు ఆ కంప్యూటర్లో రాసిన మాట మాత్రం నిజం సార్. చూసినప్పుడల్లా నవ్వుకుంటాను."

"ఏం మాటండీ?" అంది కొత్తమ్మాయి.

"ఇక్కడికి ఎవరూ రారు, అని. మా వాళ్ళెవరైనా సెలవు పెడితే చార్టు బదులు అదే వస్తుంది. మా డిపోకి ఎవరొస్తారండీ? పెద్దవాళ్ళెవరూ ఎప్పుడూ రాలేదు. తెలిసే రాశారనుకున్నాను."

ఒకరిద్దరు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. ఆయన చెవులు వేడెక్కాయి.

"అది రావడానికి వీల్లేదు, ప్రతి డిపోలోనూ అదనపు డ్రైవరు..." అంటూ కొత్తమ్మాయి మొదలుపెట్టి, మధ్యలో ఆగింది. పొద్దున మీట నొక్కిన వేలు బల్లమీదే ఉంది. ఆ వేలితోనే డబ్బాను తన దగ్గరికి లాక్కుంది. ఒక బిళ్ళ తీసి నోట్లో వేసుకుంది. మీరు చెప్పండన్నట్టు తలూపింది.

చివరి డిపో ఆయన ఎవరైనా మధ్యలో అందుకుంటారని కాసేపు చూశాడు. ఎవరూ అందుకోలేదు. ఇక తప్పక చెప్పడం మొదలుపెట్టాడు. అదనపు డ్రైవరు ఉండేవాడు, అతను వెళ్ళిపోయాక ఇంకొకర్ని ఇవ్వలేదు. ఆ మాట తెరమీద కనిపించిన రోజు చార్టు పెన్సిల్‌తో తనే రాసుకుంటాడు.

"బండి ఎవరు తీస్తారు మరి?" అంది పెద్ద డిపో అక్క.

"నేనే తీస్తాను. చిన్నపిల్లల బడి ట్రిప్పు కదా, ఆపితే ఎలా?"

"ఆ మోకాలితోనా!"

"బ్రేకు తొక్కేటప్పుడు కొంచెం పట్టేస్తుంది. అందుకే నిదానంగా వెళ్తాను." మొహం పక్కకు తిప్పుకుని అన్నాడు: "మొన్నొకసారి అసలు తొక్కలేకపోయాను. ఎదురుగా ఏదీ రాలేదు కాబట్టి సరిపోయింది. ఎవరికీ చెప్పలేదు."

కొత్తమ్మాయి బుగ్గ ఒకవైపు ఉబ్బి ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది పిప్పరమెంటు ఘాటు కాదు. మాస్టారికి తలెత్తబుద్ధి కాలేదు. తాను సరదాకి రాసిన మూడు మాటల్ని ఒక మనిషి ఆరేళ్ళుగా తన తలరాత అనుకుని, దానికి సర్దుకుని బతికాడు. నెలనెలా ఇదే హాల్లో తన ఎదురుగా కూర్చున్నాడు. తాను వినేవాణ్ణని ఇన్నాళ్ళూ ఎంత మురిసిపోయారు! మాట్లాడేవాళ్ళ మాటలే విన్నారు, మాట్లాడని మనిషిని ఒక్కసారైనా రెండోసారి అడగలేదు.

"తప్పు నాది" అన్నారు పైకే. "అది మీ డిపో గురించి రాసింది కాదు. ప్రోగ్రాం ఆ వరుసదాకా రాదనుకుని రాశాను. మీరు వచ్చారు."

చివరి డిపో ఆయన అర్థమైనట్టూ కానట్టూ తలూపి, "అయ్యో, పరవాలేదండి" అన్నాడు. ఆ పరవాలేదు మాస్టారికి అక్క తిట్లన్నిటికన్నా గట్టిగా తగిలింది.

మధ్యాహ్నం బల్లల దగ్గరికి తిరిగి వచ్చాక కొత్తమ్మాయి మొదట చివరి డిపోకి అదనపు డ్రైవరు కావాలని మేనేజరుకు రాసింది. తరువాత తీసేసిన వరుసను వెనక్కి తెచ్చి, దాని స్థానంలో 'డ్రైవరు దొరకలేదు. వెంటనే ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి' అని పెట్టి, తన నంబరు వేసింది.

"తీసేసినది అలాగే వదిలేస్తే ఆయనకు ఖాళీ తెర వచ్చేది, మాస్టారూ."

"వచ్చినా చెప్పేవాడు కాదు."

"ఫారంలో కూడా రాసేవాడు కాదు." కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. "అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడగనివాళ్ళ సంగతేంటి మరి?" జవాబు కోసం చూడకుండా క్యాలెండరు తిప్పింది. "వచ్చే నెల మొదటి శనివారం ఆ హాలు ఖాళీయేనా?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఖాళీయే. తాళంచెవి క్యాంటీన్‌లో ఉంటుంది."

నాలుగింటికి గుర్తింపు కార్డు తిరిగి ఇచ్చారు. మేనేజరు చెయ్యి కలిపి, జ్ఞాపికను ఒక గుడ్డసంచిలో పెట్టి అందించారు. ఉల్లిపాయలకు సరిపోతుందనుకున్నారు మాస్టారు. మెట్లు దిగుతుంటే తన అడుగుల్లో ఏదో తక్కువైనట్టనిపించింది గానీ, అదేమిటో ఆలోచించలేదు.

బస్టాండులో చివరి డిపో బండి కదలడానికి సిద్ధంగా ఉంది. గుమాస్తా ముందు సీట్లో మోకాలు చాపుకుని కూర్చున్నాడు. మాస్టారు ఎక్కి పక్కన కూర్చునేసరికి కంగారుపడి కాలు ముడుచుకున్నాడు.

"మీరెక్కడికండీ?"

"మీ డిపో చూద్దామని. ఎవరో ఒకరు రావాలి కదా."

గుమాస్తా తువ్వాలుతో సీటు తుడవబోయాడు, అప్పటికే మాస్టారు కూర్చుని ఉన్నారు. "తిరుగు బండి ఎనిమిదింటికండి. డ్రైవరు రాకపోతే..." అని నసిగాడు.

"మీరు తియ్యకండి. ఉండిపోతాను."

ఇద్దరూ నవ్వారు. మాస్టారు ఇంటికి ఫోన్ చేసి, ఆలస్యమవుతుందని చెప్పారు. అవతల వాళ్ళావిడ అందుకుంది. పూలు తెప్పించాను, చుట్టుపక్కల వాళ్ళను పిలిచాను, ఈ ఒక్కరోజు కూడా మీకు... అంటూ మొదలుపెట్టింది. నోటిదాకా వచ్చిన జవాబును మింగి, మాస్టారు అలవాటుగా ఎడమజేబులోకి చెయ్యి పెట్టారు. జేబు చదునుగా ఉంది. అయినా ఏమీ అనకుండా ఆవిడ చెప్పిందంతా విన్నారు. బస్సు ఊరు దాటేదాకా విన్నారు.

మూడో అంతస్తులో, దులిపిపెట్టిన కీబోర్డు పక్కన, కొత్తమ్మాయి చేతికి అందేంత దూరంలో, ఆ రేకు డబ్బా మూత తెరిచే ఉంది.