అత్త చెప్పిన ఆరంకెలు

మా ఆత్మకూరు ఇంట్లో బియ్యం డ్రమ్ము పక్కన ఒక కంప్యూటరు పెట్టె ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. మూతపడిన ఇంటర్నెట్ సెంటరు వాళ్లు అమ్మేస్తుంటే మా అమ్మాయి అశ్విత కొని తెచ్చుకుంది. అది ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి నాకు కుదురు లేదు. వైరు కాలుతుందేమో, పిడుగు పడితే ఆ వైరు వెంటే లోపలికి వస్తుందేమో, ముక్కూ మొహం తెలియనివాళ్లు దాంట్లోంచి మా ఇల్లంతా చూస్తుంటారేమో, చివరికి పోలీసులొచ్చి మా ఆయన్ను జీపెక్కిస్తారేమో. ఆయన అనంతసాగరంలో పొలం చూసుకుంటూ సగం రోజులు అక్కడే ఉంటాడు. భయపడే పని నాకొక్కదానికే మిగిలింది.

అసలు దాంట్లో ఏముందని అడిగితే అశ్విత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. బ్లాకులు పేర్చి ఇళ్లూ ఊళ్లూ కట్టే ఆట ఒకటి ఉందట. ఆ ఆట జరిగే చోటు మా ఇంటి పెట్టెలోనే ఉందట, దాన్ని సర్వర్ అంటారట. ఎక్కడెక్కడి పిల్లలో వాళ్ల ఇళ్లలో కూర్చునే దాంట్లోకి వచ్చి ఆడతారు. ఆట నడపాలన్నా, ఆపాలన్నా, ఎవర్ని రానివ్వాలి, ఎవర్ని గెంటెయ్యాలి, కట్టిందంతా పోకుండా బ్యాకప్ ఎప్పుడు తియ్యాలి, అన్నీ చూసుకోవడానికి ప్యానెల్ అని ఒక పేజీ ఉంటుంది. అది అశ్విత చేతిలో ఉంది.

"సోమశిల కాలవ మీద లస్కరు లేడా అమ్మా, ఏ చేనికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూసేవాడు. ఈ కాలవకి నేను లస్కర్ని."

"తన్నులు పడేది కూడా లస్కర్లకేనే" అన్నాను.

నాకు తెలియకుండా ఆ ప్యానెల్లోకి చీమ కూడా పోకూడదు, అట్లయితేనే పెట్టె ఇంట్లో ఉంటుంది అని తేల్చి చెప్పాను. అశ్విత నవ్వి, నా ఫోన్లో ఒక యాప్ వేసింది. అందులో ఆరంకెలు కనిపిస్తాయి, అరనిమిషానికోసారి మారిపోతాయి. పాస్‌వర్డ్ కొట్టినా సరే, నా ఫోన్లో ఉన్న అంకెలు కొట్టందే ప్యానెల్ తెరుచుకోదు. అప్పటి నుంచి లోపలి గదిలోంచి "అమ్మా, నంబరు" అని కేక వినిపించేది. నేను పిండిచేత్తోనే ఫోన్ తీసి చదివేదాన్ని. ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని, నా మాట లేనిదే నా కూతురు కూడా లోపలికి పోలేదంటే లోలోపల గొప్పగానే ఉండేది. బ్యాంకు నుంచి అని ఎవడైనా ఫోన్ చేస్తే రెండో మాట వినకుండా పెట్టేసే మనిషిని నేను.

ఆ ఆటలో అశ్విత కట్టింది ఉదయగిరి కోట. ఉదయగిరి నా పుట్టిల్లు. అక్కడ మా తమ్ముడు చెంచురామయ్య కొడుకు మల్లికార్జున ఉన్నాడు, నా చేతుల మీద పెరిగినవాడు. వీళ్లిద్దరికీ చిన్నప్పటి నుంచి ఒకటే జట్టు. వాడు కొండెక్కి గోడలు కొలిచి, బురుజులు ఫొటోలు తీసి పంపేవాడు. ఇది ఇక్కడ కూర్చుని రాయి రాయి పేర్చేది. రెండేళ్లు పట్టింది. పడిపోయిన గోడల్ని కూడా నిలబెట్టారు. నెల్లూరులో అశ్విత చదివే కాలేజీ వాళ్లు అది చూసి, వార్షికోత్సవం నాడు పెద్ద తెర మీద అందరికీ చూపించమన్నారు. నా కూతురు అంత సంతోషంగా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు. అప్పుడు కూడా నాకు భయమే, దిష్టి తగులుతుందని.

వార్షికోత్సవానికి ముందు వారం అశ్విత పరీక్ష రాయడానికి నెల్లూరు వెళ్లింది. ఫోన్ హాలు బయట పెట్టి ఉంటుంది. సరిగ్గా ఆ వేళకు మల్లికార్జున ఫోన్ చేశాడు.

"అత్తా, సర్వర్ మొరాయించింది. ఇట్నే వదిలేస్తే కోటంతా చెడిపోతాది. నేను లోపలికి పోయి సరిచేస్తా, నంబరు చెప్పు."

"అశ్వికి చెప్పకుండా ఎట్ల నాయనా?"

"పరీక్షలో ఉండాది గదా. ఆమె వచ్చేతలికి ఏమీ మిగలదు అత్తా."

రెండేళ్ల కోట నా కళ్ల ముందే కూలిపోతున్నట్టనిపించింది. ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి అంకెలు చదివాను. నేను చదివేలోపే మారిపోయాయి. "కొత్తవి చెప్పు అత్తా, తొందరపడొద్దు, నిదానంగా చెప్పు" అన్నాడు. నిదానంగా చెప్పాను. అయిపోయింది, నిలబడింది అన్నాడు. బతికించావు నాయనా అన్నాను.

సాయంత్రం అశ్విత వచ్చి పెట్టె ముందు కూర్చుంది. పాస్‌వర్డ్ తప్పంటోంది. ఇంకోసారి కొట్టింది. పెట్టె ఇంట్లోనే ఉంది కాబట్టి ఏవో కమాండ్లు కొట్టి చాలాసేపటికి ప్యానెల్ తెరిచింది. లోపల ఏమీ లేదు. సర్వర్ లేదు, బ్యాకప్పులూ లేవు. అన్నీ తుడిచేసి ఉన్నాయి. ఆడే పిల్లలందరికీ ఒక మెసేజ్ పోయింది, ఇకమీదట కోట ఫలానా చోట అద్దె సర్వర్లో ఉంటుంది, అందరూ అక్కడికి రండి అని. కింద మల్లికార్జున పేరు. అశ్విత అక్కడికి పోబోతే రానివ్వలేదు.

"నంబరు ఎవరికి చెప్పినావమ్మా?"

"మన మల్లికార్జునకే."

అశ్విత తిట్టలేదు. "పాస్‌వర్డ్ మేమిద్దరం కలిసే పెట్టుకున్నాం. నీ నంబరు ఉండాది గదా అని నేను మార్చలేదు" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే ఉదయగిరి బస్సెక్కాను.

"ఆటవస్తువు కోసం ఇంత దూరం వచ్చినావా అక్కా? ఫోన్ చేసుంటే వాడి చెవి మెలిపెట్టేవాణ్ణి గదా" అని మా తమ్ముడు నవ్వాడు.

"ముందు నీ చెవి మెలిపెట్టాల. వాణ్ణి పిలు."

మల్లికార్జున వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. వాడి మొహంలో తప్పు చేసినట్టు ఏమీ లేదు.

"కోట మా ఊరిది అత్తా. ఎండలో కొండెక్కి కొలిచింది నేను. ఆమె ఫ్యాన్ కింద కూర్చోని కట్టింది. కాలేజీలో పేరు ఆమెకొక్కదానికే వస్తాది."

"అడిగుంటే నీ పేరు కూడా పెట్టేది గదరా."

"అడిగినా. ప్యానెల్లో నన్ను కూడా అడ్మిన్ని చెయ్యమని ఎన్ని తూర్లు అడిగినానో. ఒక బండికి రెండు స్టీరింగులెందుకు బావా అనింది. ఆట ఆపడం, నడపడం వరకే నాకు. నేనేమన్నా వాచ్‌మెన్నా?"

అందులో కొంత న్యాయం ఉందని నాకూ అనిపించింది. "సరే, ఆమె మీద కోపం. మరి నాతో ఎందుకురా అబద్ధం చెప్పినావు?"

వాడు నేల చూశాడు. "నువ్వు భయపడతావు గదా అత్తా. భయపడితే చెప్తావు."

మా మరదలు మధులత గ్లాసు తెచ్చి, "ఎండన పడొచ్చినావు వదినా, మజ్జిగన్నా తాగు" అంది.

"నా బిడ్డ కోట నా చేతికి వచ్చేదాకా ఈ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టను."

మా తమ్ముడి నవ్వు ఆగిపోయింది. ఆడబిడ్డ పుట్టింట్లో పస్తుండి గడప దాటితే ఆ ఇల్లు నిలవదని మా వైపు నమ్మకం. వాడికి పొలం తగాదాలకు భయం లేదు, ఎలక్షన్లకు భయం లేదు. దీనికి మాత్రం ఉంది.

"ఒరే, ఇచ్చెయ్యిరా."

"నీకేం తెలుసు నాయనా దాని గురించి?"

"నాకేమీ తెలీదు. మా అక్క పస్తు పోతే ఏమైతాదో మాత్రం తెలుసు. ఇయ్యి."

మల్లికార్జున విసురుగా లోపలికి పోయాడు. చాలాసేపటికి పెన్‌డ్రైవ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "దీన్ని ప్యానెల్లో ఎక్కిస్తే చాలు. ఆమె కోట ఆమెకు, నా కోట నాకు."

"అంతా ఉండాదా?"

"అంతా ఉండాది అత్తా. నీ మీద ఒట్టు."

మధులత విస్తరి వేసింది. పప్పులో నెయ్యి వాడే వేశాడు. "ఇంకొంచెం పెట్టుకో అత్తా, నువ్వు సరిగా తినవు" అన్నాడు. తిన్నాను. మనసారా తిన్నాను. ప్రతిదానికీ భయపడే నేను, బస్సులో ఆ పెన్‌డ్రైవ్ పమిట కొంగులో ముడేసుకుని కూర్చుని, దారి పొడుగునా ఏ భయమూ లేకుండా వచ్చాను.

అశ్విత ప్యానెల్లో కొత్త సర్వర్ తయారుచేసి, పెన్‌డ్రైవ్‌లోది ఎక్కించింది. నల్ల తెర మీద అక్షరాలు పరుగెత్తి ఆగాయి. ఆట తెరుచుకుంది. కొండ కనిపించింది. చెట్లు కనిపించాయి. అశ్విత కొండ ఎక్కుతూ పోయింది, ఎక్కడా ఒక్క గోడ లేదు.

"అవతలి పక్కన ఉంటాదేమో చూడవే."

"చూసినానమ్మా. ఇది మేం కోట మొదలుపెట్టక ముందుది. ఉత్త కొండ."

దాని చెయ్యి మౌసు మీద అట్లాగే ఉండిపోయింది. నేను ముక్కు చీదితే విని, "నువ్వు ఏడవొద్దమ్మా" అంది, నా వైపు తిరగకుండానే. కాలేజీ వాళ్లకు ఇంక ఏం చూపిస్తుంది?

అప్పుడే మా తమ్ముడు ఫోన్ చేశాడు.

"చేరినావా అక్కా? పిల్ల శాంతించిందా?"

వాడికి తెలిసి అడుగుతున్నాడో, తెలియక అడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

"చెంచురామా, ఈ పొద్దు నేను మీ ఇంట్లో తినలేదనుకో."

"అక్కా, ఏందక్కా ఆ మాట, అక్కా" అంటూనే ఉన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.