పేరు పెట్టి అడగని ప్యాకేజీ

రజని బెండకాయలు తరుగుతుంటే ఫోను మోగింది. "రజనిగారూ!" అన్నాడు ఆఫీసు మేనేజరు సత్యప్రసాద్. కొంప మునిగితే గానీ ఆయన నోటికి 'గారు' రాదు.

"సర్వరు అప్‌గ్రేడ్ చేసేనమ్మా. ఫ్యాక్టరీ డ్రాయింగుల ఫోల్డరు గాయబ్! రేప్పొద్దున్న షిఫ్టోళ్ళకి ఏటి చూపించాలి?"

"చివర్లో, అక్కర్లేని సాఫ్ట్‌వేరు ప్యాకేజీలు తీసేయమంటారా అని అడిగిందా సార్?"

"అడిగింది. అవునన్నాను. సఫాయీ అనుకున్నాను."

అయ్యో రాత! శుక్రవారం మీటింగులో ఆమె నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. డ్రాయింగులు ఉండేది వేరే సర్వరులో. ఆఫీసు సర్వరు నుంచి అక్కడికి దారి వేసే చిన్న ప్యాకేజీని ఎవరూ పేరు పెట్టి అడగలేదు, ఏదో పెద్ద ప్యాకేజీకి అవసరమని దాని వెంట వచ్చింది. కొత్త వెర్షనులో ఆ పెద్దది పోతే దీన్నీ అనవసరమంటుంది సర్వరు, ముందే కావాలని చెప్పి ఉంచండి అంది. "అప్‌గ్రేడ్ నేను చూసుకుంటాను, నువ్వు హాయిగా ఇల్లు చూసుకో" అని అందరి ముందూ నవ్వాడీయన. ఒళ్ళు మండిపోయింది ఆమెకు. బిర్సానగర్ ఇంట్లో మాత్రం వేరేనా? పెళ్ళైన కొత్తలో భర్త జయప్రకాష్ "నువ్వేటీ చెయ్యక్కర్లేదు, మా అమ్మకి తోడుంటే చాలు" అన్నాడు. ఆ తోడు వెంటే వంటా, బట్టలూ, అత్తగారి మందులూ వచ్చి చేరాయి. చెయ్యమని ఎవరూ అడగలేదు. ఒక్కపూట జరక్కపోతే మాత్రం ఇంటి కప్పు ఎగిరిపోతుంది.

"డ్రాయింగులు ఎక్కడికీ పోలేదు సార్. వంతెన మూసేస్తే అవతలి ఒడ్డున్న మాంగో పేట సువర్ణరేఖ నదిలో కొట్టుకుపోదు కదా! దారి నేను వేస్తాను. కానీ ఇకనుంచి అప్‌గ్రేడ్‌ల పని నాది. ఆ మాట ఆఫీసు గ్రూపులో మీరే పెట్టండి."

"అరే, పహలే పని కానీయమ్మా..."

"ముందు మెసేజీ సార్."

కాసేపటికి మెసేజీ వచ్చింది. రజని కత్తిపీట పక్కకు నెట్టి లాప్‌టాప్ తెరిచింది. ప్యాకేజీని ఈసారి పేరు పెట్టి అడిగి మరీ ఎక్కించింది. ఫోల్డరు తెరుచుకుంది, డ్రాయింగులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎన్నాళ్ళకో సంతోషంతో కడుపు నిండింది.

"ఆదోరం కూడా ఆ కంప్యూటరు ముందేనేటమ్మా? పొయ్యి ఎలిగించవేటి?" అంది అత్తగారు సూర్యకాంతం.

టీవీ ముందు నుంచి జయప్రకాష్ కేకేశాడు. "రజనీ, అన్నం అవనేదేటి?"

రజని తెర మీంచి చూపు తిప్పలేదు.

"బియ్యం డబ్బాలో ఉన్నాయండీ. బెండకాయలు సగం తరిగాను. మిగతా సగం మీరు కానివ్వండి."