అలారాలు ఆపిన పూట

చిత్తూరు శివార్లలోని ఒక పాల కంపెనీలో కోమలిది తెరల ముందు కూర్చునే ఉద్యోగం. పల్లెల్లోని నలభై పాల కేంద్రాల్లో ఏ ట్యాంకు ఎంత చల్లగా ఉందో ఆ తెరల మీద కనిపిస్తుంది. పొద్దున పోసిన పాలు రెండు గంటల్లో నాలుగు డిగ్రీలకు చల్లబడకపోతే అలారం మోగుతుంది. ఆమెకూ, మేనేజరు ధనశేఖర్‌కూ మెసేజీలు వస్తాయి. వెంటనే ఆమె ఆ కేంద్రానికి ఫోన్ చేయాలి.

ఆ శనివారం ఐరాల వైపు కరెంటు లైన్ల మరమ్మతు ఉంది. తొమ్మిది నుంచి రెండు దాకా కరెంటు ఉండదని ముందే చెప్పారు. కిందటిసారి ఇలాంటి రోజున కరెంటు పోయిందని ఒకటి, జనరేటర్ వేశారని ఒకటి, అది ఆగిందని మరొకటి, వందల మెసేజీలు వచ్చిపడ్డాయి. "ఈసారి వాటి నోరు మూయించు కోమలీ, తల పగిలిపోతాది" అని ధనశేఖర్ ముందురోజే చెప్పాడు.

ఐరాల గుంపులో పదకొండు కేంద్రాలున్నాయి. వాటిలో బోడిగుట్టపల్లికి కరెంటు వేరే లైను నుంచి వస్తుంది. ఆ సంగతి కోమలికి తెలుసు. కానీ పది పేర్లు ఒక్కొక్కటే ఎంచుకోవడం కన్నా గుంపు మొత్తానికి ఒక్క టిక్కు పెట్టడం తేలిక. తొమ్మిదికి ఆ టిక్కు పెట్టి పదకొండు కేంద్రాల అలారాలూ ఆపేసింది. ఎందుకైనా మంచిదని రెండుకు బదులు సాయంత్రం ఆరు దాకా ఆపింది. గది ప్రశాంతంగా ఉంది. చాలా రోజులుగా పేరుకుపోయిన నివేదికలు ముందేసుకుని కూర్చుంది.

ఒకటిన్నరకు ఫోన్ మోగింది. బోడిగుట్టపల్లి కేంద్రం చూసుకునే నాగులమ్మ.

"పాపా, ట్యాంకరాయన వచ్చినాడు. పాలు కాంచి సూస్తే విరిగిపోయినాయి. ట్యాంకంతా వద్దంటా ఉండాడు." తర్వాత మెల్లగా అడిగింది. "నువ్వు ఫోన్ చెయ్యలేదే?"

కోమలి తెర మీద ఆ కేంద్రం పాల వేడి చూపించే గీత తెరిచి చూసింది. పొద్దున ఎక్కడ మొదలైందో గీత అక్కడే ఉంది, దిగనే లేదు. చల్లబరిచే మిషను తిరుగుతూనే ఉంది, గ్యాసు కారిపోయి చల్లదనం మాత్రం పుట్టలేదు. ఎనిమిదికి పోసిన పాలకు పది గంటలకే అలారం మోగాల్సింది. దాని పక్కన 'ఆపబడింది' అనీ, కింద ఆమె పేరూ ఉన్నాయి.

"అక్కా, నేను వస్తా ఉండా" అని స్కూటీ తీసింది.

ఆమె చేరేసరికి నాగులమ్మ పాలు పోసిన ఆడవాళ్లను పిలిపించి కేంద్రం గడప మీద కూర్చుని ఉంది. మిషను పాడైందని చెబుతోంది. మిషను తిరిగే చప్పుడు వినబడుతుంటే నమ్మానని, తప్పు తనదేనని చెబుతోంది. గోడకున్న డిగ్రీల మీటరు ముల్లు విరిగి రెండు నెలలైంది. బాగు చేయమని అడిగితే, మాకు ఇక్కడ కనిపిస్తుంది, ఏమైనా అయితే ఫోన్ చేస్తామని ఆఫీసువాళ్లు చెప్పారు. ఆ మాట ఫోన్‌లో చెప్పింది కోమలే.

"ఆమె తప్పు కాదు" అంది కోమలి. "ఆమెకు ఫోన్ చెయ్యాల్సింది నేను. ఈ పొద్దు అలారం మోగకుండా నేనే ఆపినాను."

ఎవరూ తిట్టలేదు. భారతమ్మ అనే ఆవిడ మాత్రం ఖాళీ క్యాను చేతిలోకి తీసుకుంటూ, "తెల్లారుజామున నాలుక్కి లేసి పిండినాం పాపా" అని వెళ్లిపోయింది.

సాయంత్రం ఆఫీసులో ధనశేఖర్ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి మాట్లాడాడు. "కేంద్రం ఇంచార్జి సరిగా సూసుకోలేదని రిపోర్టు రాయి. ఆపింది నువ్వని నేనెవురికీ చెప్పను."

"సూసుకునేదానికి ఆమెకు మీటరు యాడుండాది సార్? మన మాట నమ్మే గదా కూర్చునింది."

"నీ ఉద్యోగం గురించే చెప్తా ఉండాను."

"తెలుసు సార్."

జరిగింది జరిగినట్టు రాసి అతని ముందు పెట్టింది. అతను దాన్ని చదివాడు. సంతకం పెట్టబోయి ఆగి, పైన తన చేత్తో ఒక వాక్యం రాశాడు: 'అలారాలు ఆపమని చెప్పింది నేను.'

కోమలికి మెమో వచ్చింది. ధనశేఖర్‌కూ వచ్చింది. నాగులమ్మ కేంద్రం ఆమె దగ్గరే ఉంది, గోడకు కొత్త మీటరు పడింది. ఆ పూట పాలకు కంపెనీ డబ్బులిచ్చింది గానీ, నెల పట్టింది. ఈలోగా భారతమ్మ పాలు వేరే డెయిరీకి పోయడం మొదలుపెట్టింది. కోమలి వెళ్లి అడిగినా తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఐరాల వైపు మళ్లీ మరమ్మతు పడింది. ఈసారి కోమలి కరెంటు పోయే కేంద్రాలను ఒక్కొక్కటే ఎంచుకుంది. కరెంటు మెసేజీలు మాత్రమే ఆపి, పాల వేడి అలారాన్ని మోగేట్టే ఉంచింది. ఆపినవి కూడా రెండింటికల్లా మళ్లీ పనిచేసేట్టు పెట్టింది. అయినా మనసు ఊరుకోలేదు. పదింటికి జాబితా ముందు పెట్టుకుని ఒక్కో కేంద్రానికీ ఫోన్ చేసింది. కరెంటు పోని బోడిగుట్టపల్లిని కూడా వదల్లేదు.

"ఎంతుండాది అక్కా?"

అవతల చెప్పుల చప్పుడు గోడ మీద మీటరు దాకా వెళ్లి ఆగింది.

"నాలుగు" అంది నాగులమ్మ. "టిఫిను తిన్నావా, లేదా?"