పోయాడంటే ఎక్కడికి

వ్యాసం అచ్చయిందన్న మెయిల్ శనివారం పొద్దున్నే వచ్చింది. అప్పుడు వినీల చేతిలో అట్లకాడ ఉంది, పెనం మీద పెసరట్టు ఉంది, వెనక నుంచి మెడ మీద గడ్డం ఆనించి సత్యప్రసాద్ ఉన్నాడు. పెళ్లయి నలభై రోజులు. ఈ ఎడారి దేశంలో, రోలా అనే పేటలోని ఆ వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. ఆ ఇరుకే వాళ్లకు ముద్దు.

"వచ్చింది! చదువు, చదువు! నా పేరు ఏడుందో చూడు!"

సత్యప్రసాద్ ఫోను లాక్కున్నాడు. గుండెజబ్బుల పత్రిక. రాస్ అల్ ఖైమా క్వారీ కార్మికులు ఆరువందల నలభై మంది మీద రెండేళ్ల అధ్యయనం. మొదటి పేరు డాక్టర్ విక్రమ్‌ది. మూడోది వినీలది.

"మూడోది! డాక్టరమ్మగారూ, ఇకనుంచి మిమ్మల్ని మీరు అనాలా?"

"నేను డాక్టర్ను కాదు, ఫోన్లు చేసేదాన్ని. ముందల చదువు."

మొదట కార్మికులందరికీ రక్తపోటు చూశారు, ఈసీజీ తీశారు. ఏడాదిన్నర తర్వాత ఒక్కొక్కరికీ ఫోను చేసి ఎలా ఉన్నారో కనుక్కున్నారు. తెలుగువాళ్ల నూటపద్దెనిమిది ఫోన్లూ వినీలే చేసింది. కరీంనగర్ పిల్ల, తెలుగు వచ్చు అని డాక్టర్ ఆ పని ఆమెకే అప్పగించాడు. ఫలితం చూసి ఆయనే ఆశ్చర్యపోయాడు. మిగతా భాషల వాళ్లందరిలోనూ గుండెపోటు మరణాలున్నాయి. తెలుగువాళ్లలో ఒక్కటీ లేదు. దానికి కారణం చింతపండు కావచ్చునని చివర్లో ఓ పేరా రాశాడు.

"చింతపండా!" సత్యప్రసాద్ పగలబడి నవ్వాడు. "మా రాజోలు చేపల పులుసు ప్రపంచానికెక్కిందన్నమాట! అయ్యో, మా సూరి మావయ్య ఉండుంటేనా, ఊరంతా చెప్పుకునేవాడు. మన పెళ్లికి నెల ముందే పోయాడు."

"ఎక్కడికి పోయిండు? నెల ఆగితే పెళ్లి చూసుకొని పోవచ్చు గద."

అతను మళ్లీ నవ్వబోయి, ఆమె నిజంగానే అడుగుతోందని గ్రహించాడు.

"పోయాడంటే పోయాడే, వినీ. చనిపోయాడు."

"మరి ఊరికి పోతే ఏమంటరు?"

"వెళ్లాడంటాం. బతికున్న మనిషిని పోయాడంటే మా అమ్మ చెంప పగలగొడుతుంది."

పెసరట్టు మాడు వాసన వచ్చింది. ఇద్దరూ కదల్లేదు.

వినీలకు ఒక గొంతు గుర్తొచ్చింది. వెంకట్రావు. అంజిబాబు అనే క్వారీ డ్రైవరు గదిలో ఉండే మనిషి. సర్వే ఫోన్లప్పుడు అంజిబాబు నంబరుకు చేస్తే అతనే ఎత్తాడు.

"అంజిబాబు పోయాడమ్మా."

"అట్లనా? ఎప్పుడు పోయిండు?"

"శివరాత్రి నాడు."

"ఇబ్బంది లేకుండ పోయిండా?"

"ఆ... నిద్రలోనే పోయాడు."

విమానమెక్కి కునుకు తీశాడనుకుంది. నవ్వింది. "అదృష్టవంతుడే!" అంది. కాగితం మీద 'దేశం వదిలారు' అన్న గడిలో టిక్కు పెట్టింది. అలాంటి టిక్కులు మొత్తం పదకొండు. అందరూ కోస్తావాళ్లే.

ఇప్పుడు ఆ నంబరుకే మళ్లీ చేసింది.

"వెంకట్రావన్నా, నేను గుండె సర్వే వినీలను. అంజిబాబన్న..."

"మీరా." వెంకట్రావు గొంతు గుర్తుపట్టాడు. "ఆ రోజు నవ్వారు కదమ్మా మీరు. ఎందుకు నవ్వారా అని నేను, మా గదిలో వాళ్లం, చాలా రోజులు అనుకున్నాం."

తమ వైపు 'పోయిండు' అంటే వెళ్లాడనే అర్థమని వినీల చెప్పింది. తప్పు చెప్పుకుంది. ఎలా చెప్పినా అది సాకులాగే వినిపించింది.

"పోనీలెండి," అన్నాడతను, ఎంత మాత్రం పోనివ్వని గొంతుతో. "మాకు ఏటా తీసే ఈసీజీ ఈసారి ఆపేశారు. గుండెజబ్బు రాదని మీ డాక్టరే చెప్పాడంట ముదీర్‌కి, అదే మా మేనేజరుకి. తెలుగోళ్ల గుండెలు రాయి, మిషన్ దండగ అని ఫోర్‌మన్ ఒకటే ఎకసెక్కం. నాకు మెట్లెక్కితే ఎడం చెయ్యి లాగుతోంది. ఎవరికి చెప్పుకోను?"

ఆ వెంటనే ఆమె డాక్టర్ విక్రమ్‌కు చేసింది. ఆయన హైదరాబాదు మనిషి. విషయం ఒక్క ముక్కలో అర్థమైంది.

"పెళ్లయ్యాక మీ ఆయన దగ్గర తెలుగు నేర్చుకుంటున్నావా వినీలా?" అని నవ్వాడు. "ఆరువందల నలభైలో ఒక్కడు. ఏం మారుతుంది?"

"ఒక్కడు కాదు సార్, పదకొండు మంది. మిగిలిన పది మంది సంగతి నాకు తెల్వదు. తెల్వకుండనే రాసిన."

"తెలియకపోతే దేశం వదిలినట్టే. ఖలాస్. రేపు మా ఇంట్లో భోజనం, కంపెనీ ముదీర్ కూడా వస్తున్నాడు. రెండో అధ్యయనానికి ఒప్పుకున్నాడు. ఇప్పుడు నువ్వు నోరు విప్పితే ముందు పోయేది నా పేరు కాదు. ఆ గడిలో టిక్కు పెట్టింది ఎవరు?"

"నేనే సార్."

"మరి! మీ ఆయన్ని కూడా తీసుకురా. బిర్యానీ."

ఫోను పెట్టేశాక వినీల ఆ వ్యాసం మళ్లీ తెరిచింది. మూడో పేరు అలాగే ఉంది, నల్లగా, అందంగా. పొద్దున దాన్ని ఫొటో తీసి కరీంనగర్‌లో నాన్నకు పంపింది. ఆయన అప్పుడే వీధిలో అందరికీ చూపించి ఉంటాడు. కొంచెం కింద, మరణాల పట్టికలో, తెలుగువాళ్ల వరసలో సున్నా. ఆ సున్నాలో అంజిబాబు ఉన్నాడు. ఇంకెందరున్నారో.

సత్యప్రసాద్ మాడిన అట్టు గీకి పారేసి, పెనం కడిగి, ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు.

"రేపు భోజనానికి వెళ్తున్నామా?" అన్నాడు మెల్లగా.

"లేదు. సార్ దిద్దకుంటే పత్రికవాళ్లకు నేనే రాస్త. నా పేరు తీసేస్తే తీసెయ్యనీ. రేపు ఆదివారం, క్వారీకి సెలవు, అందరు గదులల్లనే ఉంటరు. ముందుగాల వెంకట్రావన్నను ఆస్పత్రిల చూపియ్యాలె. తర్వాత ఆ పది గదులు. పొద్దుగాల మొదటి బస్సుకు రాస్ అల్ ఖైమా పో..."

ఆ మాట నోట్లోనే ఆగిపోయింది.

"వెళ్దాం," అంది. "నువ్వు అడుగు, మీ తెలుగుల. నేను రాసుకుంట."