ఐరన్ ఎక్కడికి పోతోంది?

రక్తం పెరగలేదు. పిసరంత కూడా.

డాక్టరమ్మ తెర మీది అంకెనీ, ఎదురుగా కూర్చున్న తల్లి మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"మందు వేస్తున్నారా అమ్మా?"

"రోజూ వేస్తున్నానండీ."

"రోజూ అంటే?"

"రోజూ అంటే రోజూనేనండీ. పొద్దున్నే, పరగడుపున, మీరు చెప్పినట్టే."

"వెంటనే టీ, పాలు లాంటివి?"

"గంటదాకా దాని దగ్గరికి రానివ్వను."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "వేస్తే పెరగాలి. పెరగలేదంటే లోపలికి వెళ్లట్లేదన్నమాట. మిమ్మల్ని తప్పు పట్టట్లేదమ్మా, ఆ మందు రుచి నాకూ తెలుసు. కానీ ఈ అంకె చూస్తే ఆపరేషన్‌కి మత్తిచ్చే డాక్టర్ ససేమిరా అంటాడు. ఐరన్ లోపలికి పోవాలి. అంతే."

తల్లి పక్కనే కుర్చీలో కూర్చుని కాళ్లూపుతోంది పిచ్చుక. ఏడేళ్లది. చూడ్డానికి గుప్పెడంత ఉంటుందని వాళ్ల నాన్న పెట్టిన ముద్దు పేరు అది. పెద్దవాళ్ల పెదాల వైపే చూస్తోంది. రెండు చెవుల్లోనూ లోపల నీరు చేరి, మాట సగం వినిపిస్తుంది, సగం ఊహించుకుంటుంది. ఆ నీరు తీసేసి చిన్న గొట్టాలు పెట్టాలి. చిన్న ఆపరేషనే. కానీ ఒంట్లో రక్తం లేదని ఇప్పటికే ఒకసారి వాయిదా పడింది.

"నెల టైమిస్తాను," అంది డాక్టరమ్మ. "ఈసారీ పెరగకపోతే మళ్లీ వాయిదా. వాయిదా వేస్తూ పోతే ఆ చెవులు మనకోసం ఆగవమ్మా. తర్వాత గొట్టాలు పెట్టినా పోయింది తిరిగి రాకపోవచ్చు."

పిచ్చుక తల్లి తలూపింది. తలూపడానికి కూడా ఓపిక కావాలని ఆమెకి ఆ క్షణంలో తెలిసింది.

ఆమె ఒక పెద్ద హోటల్లో, నేలమాళిగలో ఉండే లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. దుప్పట్లు, దిండు గలీబులు, బల్ల మీద పరిచే తెల్లటి గుడ్డలు. పొద్దున్న వెళ్తే సాయంత్రందాకా ఆవిరిలోనే. మొగుడు ఆయిల్ ట్యాంకర్ నడుపుతాడు, చుట్టం చూపుగా ఇంటికొస్తాడు. ఇంట్లో అత్తగారు, పిచ్చుక, గూట్లో ఆ సీసా.

ఆ సీసాతో ఆమె పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. తేనెలో కలిపింది. తేనె మీదే అసహ్యం పుట్టింది పిల్లకి. చాక్లెట్ చూపించింది. చాక్లెట్ తిని మందు ఉమ్మేసింది. ముక్కు మూసి పోసింది. గోడ మీద ఆ మరక ఇంకా అలాగే ఉంది. వారం తిరిగేసరికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు పిచ్చుకే ఒక మాట అంది.

"నేనే తాగుతా. కానీ ఎవ్వరూ నన్ను చూడకూడదు. గోడ వైపు తిరగాలి."

ఆ మాట విన్నప్పుడు ఆమె దేవుడు కనిపించినంత సంబరపడింది. అప్పటినుంచి రోజూ అదే తంతు. చిన్న కప్పులో మందు పోసి బల్ల మీద పెట్టడం, గోడ వైపు తిరిగి జడ వేసుకోవడం, వెనక నుంచి "ఛీ, యాక్" అన్న కేక వినడం, తిరిగి చూస్తే ఖాళీ కప్పు, నిమ్మకాయ నమిలినట్టు వంకర్లు పోయిన మొహం. సీసాలో మందు లెక్క ప్రకారం తగ్గుతూనే ఉంది.

మరి ఐరన్ ఎక్కడికి పోతోంది?

* * *

ఆ సాయంత్రమే ఆమె సోదా మొదలుపెట్టింది. సింకు గొట్టం దగ్గర వాసన చూసింది. కిటికీలో తులసి కుండీలో మట్టి కెలికింది. మంచం కింద టార్చి వేసింది. తప్పిపోయిన చెప్పొకటి దొరికింది తప్ప మందు జాడ లేదు.

వరండాలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్న అత్తగారు అన్నీ గమనిస్తూనే ఉంది. "ఏం పోయిందమ్మాయ్?"

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేకపోతే నా ట్రంకుపెట్టె ఎందుకు జరిపావు?"

ఆమె నోరు జారింది. అలసిపోయినవాళ్లకి ముందు జారేది నోరే. "మీరు గానీ... పిల్ల ఏడుస్తోందని జాలిపడి మందు పారబోస్తున్నారా?"

చిక్కుడుకాయ అత్తగారి చేతిలో ఆగిపోయింది.

"ఏమన్నావ్?"

"ఊరికే అడిగానత్తయ్యా."

"ఊరికే అడిగేవాళ్లు ట్రంకుపెట్టె జరపరు. పసిదాని నోట్లో ఆ తుప్పునీళ్లేంటని అన్నాను. అన్నమాట నిజమే. నీ మొహం మీదే అన్నాను. చాటుగా పారబోసే బుద్ధి నాకుంటే ఈ ఇంట్లో నీ వంటే ముందు పారబోసేదాన్ని!"

ఆ రాత్రి ఇద్దరి మధ్యా మాటల్లేవు. మర్నాడూ లేవు. పిచ్చుక ఒక్కతే ఇద్దరి మొహాలూ చూస్తూ, వాళ్లు మాట్లాడుతున్నా తనకే వినిపించట్లేదేమో అనుకుని చెవులు నులుముకుంది.

అది చూసి తల్లి మనసు చివుక్కుమంది. అయినా నోరు తెరవడానికి ఓపిక లేక నిద్రపోయింది.

* * *

ముడి లాండ్రీలో వీడింది.

పక్క బల్ల మీద పని చేసే అమ్మాయిని అందరూ రేడియో అంటారు. ఆపడానికి మీట లేదు గనుక.

"అక్కా, నీ టీ ఏంటి ఇట్లా ఉంది? సిరా తాగుతున్నావా?"

పిచ్చుక తల్లి ఫ్లాస్కు మూతలోకి చూసింది. పాలు లేని టీయే. కానీ ఎర్రగా ఉండాల్సింది నల్లగా ఉంది. కొన్నాళ్లుగా అంతే. నాలుక మీద తాళంచెవి పెట్టుకున్నట్టు రుచి. ఫ్లాస్కు పాతదయిందనుకుంది. రుచి చూస్తూ తాగే తీరిక ఎవరికుంది? వేడిగా ఉంటే చాలు.

"ఫ్లాస్కుకి తుప్పు పట్టినట్టుంది," అంది.

"మీ ఆయన ట్యాంకర్‌లోంచి పట్టి తెచ్చాడేమోలే!" అని రేడియో పగలబడి నవ్వుతూ మోచేత్తో పొడిచింది. మూతలో టీ ఒలికింది. నేరుగా తెల్లటి బల్లగుడ్డ మీద.

"అయ్యో అక్కా! సూపర్వైజర్ చూస్తే నా పని అయిపోతుంది!"

"అరవకు. టీ మరకే కదా."

టీ మరక ఆమెకి మంచినీళ్లు తాగినంత తేలిక. బ్లీచ్ నీళ్లు అద్దితే కళ్లముందే కరిగిపోతుంది. అద్దింది. చూసింది.

మరక కరగలేదు. ముదిరింది. గోధుమరంగుకి తిరిగి గుడ్డకి మేకు కొట్టినట్టు దిగిపోయింది.

బ్లీచ్ తగిలితే ముదిరే మరక లాండ్రీలో ఒక్కటే. తుప్పు మరక.

ఆమె ఫ్లాస్కు వంచి టీ అంతా పారబోసి లోపలికి చూసింది. లోపలంతా గాజు. మూత ప్లాస్టిక్కు. తుప్పు పట్టడానికి అందులో వీసమెత్తు ఇనుము లేదు.

ఇనుము. ఐరన్.

పొద్దున్న బల్ల కళ్లముందు మెదిలింది. ఇటు చిన్న కప్పు. అటు, టీ పోసి ఇంకా మూత పెట్టని ఫ్లాస్కు. మధ్యలో పిచ్చుక. తను గోడ వైపు.

"అక్కా, ఏమైంది? మొహం అట్లా పాలిపోయింది?"

"ఏం లేదు," అంది ఆమె. దుప్పట్ల మూట మీద కూర్చుంది. "మా ఇంట్లో దొంగ దొరికింది."

* * *

మర్నాడు పొద్దున్న ఆమె రోజూలాగే గోడ వైపు తిరిగింది. కానీ ఈసారి రెండడుగులు పక్కకి జరిగి నిలబడింది. ఎదురుగా ఆపేసి ఉన్న టీవీ. ఆ నల్లటి తెరలో గదంతా మసగ్గా కనిపిస్తోంది.

జడ అల్లుతూ చూసింది.

పిచ్చుక కప్పు తీసింది. వాసన చూసి ముక్కు చిట్లించింది. తల్లి వీపు వైపు ఒకసారి చూసింది. మునివేళ్ల మీద లేచి, కప్పు ఫ్లాస్కులోకి వంచింది. ఒక్క చుక్క బయట పడకుండా! తర్వాత ఫ్లాస్కుని రెండు చేతులతో పట్టుకుని చిన్నగా ఊపి కలిపింది. కప్పు అంచు నాలుకతో తాకి, "ఛీ, యాక్!" అంది.

నటనకి కూడా కొంచెం మందు కావాల్సొచ్చిందన్నమాట.

తల్లి గిరుక్కున తిరిగింది. ఎంత కోపంగా తిరిగిందంటే సగం అల్లిన జడ మొత్తం విడిపోయింది.

"ఎందుకు పోశావ్?"

పిచ్చుక కొయ్యబారిపోయింది. వంటింట్లోంచి అత్తగారు గరిటెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"చెప్పు! అక్కడ డాక్టరమ్మ ముందు నేను దొంగలా నిలబడ్డాను. నానమ్మని నానా మాటలూ అన్నాను. చేదుగా ఉందని నా టీలో పోస్తావా? నేనెవరిననుకున్నావ్, మీ ఇంటి సింకునా?"

"నీకే పోశా," అంది పిచ్చుక.

"నాకెందుకు?"

"నీ ఐరన్ అయిపోయింది కదా!"

"నా ఐరనేంటి?"

"రోజూ ఫోన్లో పిన్నితో చెప్తావు కదా. 'ఐరన్ చేసి చేసి ఒంట్లో ఏం మిగల్లేదే' అని. నాకు వినపడింది. అది మాత్రం నువ్వు గట్టిగా అంటావు." పిల్ల ఒక్కసారి ముక్కు ఎగబీల్చింది. "ఐరన్ లేకపోతే మనుషులు కూలబడిపోతారని నువ్వే అన్నావు. నువ్వు రోజూ వచ్చి కుర్చీలో కూలబడతావు. నేను కూలబడట్లేదు కదా. నాకు బానే ఉంది."

పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వచ్చినా అత్తగారు కదల్లేదు.

"నువ్వు ఐరన్ చేసి అంతా హోటలోళ్లకే ఇచ్చేస్తున్నావు," అంది పిచ్చుక, ఫిర్యాదు చేస్తున్నట్టు. "నీకు ఉంచుకోవట్లేదు."

తల్లి నేల మీద కూర్చుండిపోయింది. కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"అంతేనా?" అంది కాసేపటికి. "చేదుగా ఉంటుందని కాదా?"

పిచ్చుక ఆలోచించింది. "కొంచెం అదీ."

"అబద్ధం చెప్పదమ్మా మా పిచ్చుక," అంది అత్తగారు. తర్వాత కోడలి వైపు తిరిగి, "టీ బాగుందా అమ్మాయ్?" అని అడిగి మాడుతున్న గిన్నె దగ్గరికి వెళ్లిపోయింది. ఆ మాటతో ఇంట్లో మాటలు మళ్లీ మొదలయ్యాయి.

తల్లి బీరువా మీదనుంచి ఇస్త్రీపెట్టె దించింది. పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్కో మాట విడదీసి చెప్పింది. "నేను చేసేది ఈ ఐరన్. బట్టలకి. డాక్టరమ్మ చెప్పేది ఒంట్లో ఐరన్. అది వేరు, ఇది వేరు."

పిచ్చుక ఇస్త్రీపెట్టెనీ సీసానీ చూసింది. "మరి రెండిటికీ ఒకటే పేరెందుకు పెట్టారు?"

"పెట్టినవాళ్లకి బుద్ధి లేక."

"మరి నీ ఒంట్లో ఏం మిగలట్లేదన్నావు? ఏది మిగలట్లేదు?"

తల్లి సీసా మూత తీసి, చెంచాలో ఒక చుక్క వేసుకుని నాలుక మీద పెట్టుకుంది. ఇన్నాళ్లలో విడిగా రుచి చూడటం అదే మొదటిసారి. తుప్పు మేకు చప్పరించినట్టుంది. చక్కెర పాకంలో ముంచిన తుప్పు మేకు.

"ఛీ," అంది నిజంగానే.

"చెప్పానా!" అంది పిచ్చుక, గెలిచినట్టు.

ఆ రోజునుంచి ఒప్పందం మారింది. గోడ వైపు తిరగడాలు లేవు. బల్లకి అటు ఒకరు, ఇటు ఒకరు. పిల్లకి కప్పు, తల్లికి ఒక చుక్క. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూస్తూ మింగాలి. ముందు ఎవరు మొహం చిట్లిస్తే వాళ్లు ఓడినట్టు. తల్లి రోజూ ఓడిపోయేది. కావాలని కాదు. నిద్ర చాలని మొహం దానంతటదే చిట్లిపోయేది. ఫ్లాస్కు మాత్రం మూత బిగించి గూట్లో పైన ఉండేది.

నెల తిరిగాక డాక్టరమ్మ తెర వైపు చాలాసేపు చూసింది. ఆ కాసేపట్లో పిచ్చుక తల్లి సంచీ తాడు మూడుసార్లు ముడి వేసి విప్పింది.

"అంచుకి వచ్చింది," అంది డాక్టరమ్మ. "దాటలేదు, కానీ వచ్చింది. మత్తు డాక్టర్ని నేను ఒప్పిస్తాలెండి. ఆపరేషన్ పెట్టేద్దాం. ఇంతకీ ఏం చేశారు?"

"టీ మానేశానండీ," అంది ఆమె.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. విడమర్చి చెప్పే ఓపిక ఆమెకి లేదు.

* * *

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక పిచ్చుక ప్రతిదానికీ ఉలిక్కిపడింది. ఫ్యాను చప్పుడుకి. గిన్నె మీద మూత పెడితే. నానమ్మ గాజులకి. "అంత గట్టిగా అరవకండి," అని పెద్దవాళ్లనే కసిరింది.

మూడోనాటి సాయంత్రం తల్లి పనినుంచి వచ్చి, సంచీ గోడకి తగిలించి, కుర్చీలో కూలబడింది.

నేల మీద బొమ్మలేస్తున్న పిచ్చుక తలెత్తింది.

"అమ్మా, ఏంటా చప్పుడు?"

"ఏ చప్పుడు?"

"నువ్వు కూర్చోగానే వచ్చింది. హూ... అని. పెద్దగా వచ్చింది. రోజూ వస్తుందా?"

తల్లికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పక్కకి తిప్పుకుంది. "కుర్చీది," అంది. "పాత కుర్చీ కదా."

పిచ్చుక కుర్చీ కాళ్లూ, తల్లి కాళ్లూ కాసేపు చూసింది. లేచి గూటి దగ్గరికెళ్లి, సీసా, చెంచా తెచ్చి తల్లి ఒళ్లో పెట్టింది.

"ఇది పొద్దున కదా వేసుకోవాలి?" అంది తల్లి.

"నాది కాదు," అంది పిచ్చుక. "కుర్చీకి."