ముక్కిపోయిన మేత

ముక్కిపోయిన మేత బస్తా విప్పేటప్పుడు ఊపిరి బిగపట్టుకోవాలి. ఆమెకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, దగ్గి దగ్గి తనే నేర్చుకుంది. మూతి విప్పగానే పచ్చటి దుమ్ము గుప్పున లేచి కళ్ళలో, గొంతులో పడుతుంది. లోపల మేత గడ్డలు కట్టి ఉంటుంది. ఆ గడ్డల్ని చేత్తో నలపాలి, బూజు దులపాలి, టార్పాలిన్ పరదా మీద ఎండబెట్టాలి, చేపనూనె పట్టించి వాసన చంపాలి, తర్వాత తొట్టిలో మంచి మేతతో కలపాలి. ఇదంతా ఆడదాని పని. గట్టు మీద నిలబడి రొయ్యలకి చల్లడం మాత్రం మగవాడి పని. చల్లినవాడు రైతు. నలిపిన మనిషికి పేరేమీ లేదు, ఇంట్లో ఖాళీగా ఉండే మనిషి, అంతే.

వానలు రాకముందే చెప్పింది, మేత షెడ్డు రేకు చిల్లు పడింది, మార్పించండని. "ఇంటి పెత్తనం చాలక షెడ్డు పెత్తనం కూడా కావాలా?" అన్నాడు మొగుడు. వాన రానే వచ్చింది, మేత తడవనే తడిసింది. తిట్లు ఎవరికి పడ్డాయో వేరే చెప్పాలా!

మొదటి చెరువులో రొయ్యలు చచ్చి తేలడం మొదలయ్యాక టెక్నీషియన్ వచ్చాడు. అరుగు మీద కూర్చుని ఒక రొయ్య తల చీల్చి మొగుడికి చూపించాడు. "కాలేయం చూడండి, ఎలా పాలిపోయిందో. ఇది బూజు విషమండీ. దులిపితే పోదు, ఎండబెడితే పోదు, ఉడకబెట్టినా పోదు. మేతలోకి దిగిపోతుంది. అలాగని ఒక్కరోజులో చంపదు. ముందు తిండి తగ్గుతుంది, ఎదుగుదల ఆగుతుంది, పెంకు గట్టిపడదు. ఆ తర్వాత ఏ చిన్న జబ్బొచ్చినా తట్టుకోలేవు. రెండో చెరువన్నా దక్కాలంటే ఆ బస్తాలు పాతిపెట్టించండి."

మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది ఆమె. ఒక్కరోజులో చంపదట. ఈయన రొయ్యల గురించే చెబుతున్నాడా అనిపించింది. పెళ్ళయిన కొత్తలో ఆమె ఎంత గట్టిగా నవ్వేదో, వీధి చివరికి వినబడేది. "ఆడపిల్లవి, ఏమిటా ఇకిలింపు?" అంది అత్తగారు. నవ్వు తగ్గింది. "నీకేం తెలుసు, నోర్మూసుకో" అన్నాడు మొగుడు. మాట తగ్గింది. "మూడు పూటలా మెక్కుతున్నావుగా, ఇంకేం రోగం?" అన్నాడు. తిండి సయించడం మానేసింది. ఏ ఒక్క మాటకీ చచ్చిపోలేదు, ఏ ఒక్క దెబ్బకీ చచ్చిపోలేదు. అన్నీ కలిపి రోజూ కాస్త కాస్త మింగుతూనే ఉంది. "వచ్చినప్పుడు ఎంత కళగా ఉండేది, ఇప్పుడు చూడండి" అని చుట్టాలతో చెప్పుకునేది కూడా ఆ అత్తగారే. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

టెక్నీషియన్ బండి మలుపు తిరిగిందో లేదో, మొగుడి చేతిలో ఉన్న, మేత తోడే ఇనుప చేట ఆమె మూతి మీద పడింది. "సరిగ్గా దులిపి చస్తే ఇలా అయ్యేదా? ఒళ్ళు బద్ధకించి నా చెరువు ముంచావు కదే!" పన్ను విరిగింది. రక్తం ఉమ్మి, నోరు కొంగుతో తుడుచుకుంది.

"ఇక నేను కలపను. ఆ బస్తాలు రెండో చెరువుకి వెయ్యనివ్వను."

అతను నవ్వాడు. "నువ్వు కాకపోతే నీ కూతురు కలుపుతుంది. నీకన్నా చురుకైంది."

కోపంలో అన్న మాటే అనుకుంది పిచ్చిది. మర్నాడు పొద్దున బట్టలు ఆరేసి షెడ్డు వైపు వస్తుంటే దగ్గు వినబడింది. ఆ దగ్గు తనది, పదేళ్ళుగా తనది. కాకపోతే గొంతు చిన్నది. తొట్టి పక్కన కూతురు బుల్లి కూర్చుని ఉంది, బడి బట్టలతోనే. మోచేతుల దాకా పచ్చటి బూజు.

"నానమ్మ కూర్చోమంది అమ్మా. చిన్న చేతులైతే గడ్డలు బాగా నలుగుతాయంట."

పిల్లని రెక్క పట్టుకుని లేపేసింది. అంతలో అతను వచ్చాడు. పిల్ల జడ పట్టి మళ్ళీ కూర్చోబెట్టబోయాడు.

"వదులు దాన్ని."

ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు. అతను తెల్లబోయి చూసేలోపే అతని జుట్టు రెండు చేతులా దొరకబుచ్చుకుని, ముఖాన్ని తొట్టిలో కుక్కేసింది. రాళ్ళలాంటి గడ్డల్ని ఏళ్ళ తరబడి నలిపిన చేతులవి. "పీల్చు! పీల్చరా! దులిపితే పోతుందిగా, దులుపుకో!" అతను తన్నుకున్నాడు, గోళ్ళతో ఆమె ముంజేతులు చీరాడు. చంపాలని ఆమెకి లేదు అంటే అది అబద్ధం. ఆ క్షణం చంపెయ్యాలనే ఉంది. హాయిగా కూడా ఉంది. "అమ్మా!" అని పిల్ల కేక పెడితే వదిలింది.

అతను వెల్లకిలా పడి, ముక్కులోంచి నెత్తురు, నోట్లోంచి బూజు కక్కుతున్నాడు. అత్తగారు మెట్ల మీద గుండెలు బాదుకుంటోంది. "అయ్యయ్యో, కట్టుకున్నవాణ్ణి చంపేస్తోందమ్మో! ఇదేం ఆడదమ్మా!"

"సబ్బు పెట్టి చేతులు కడుక్కో, పో" అని బుల్లిని పంపేసింది. చెరువుకి చల్లే సున్నం బస్తా ఈడ్చుకొచ్చి, కత్తితో చీరి, తొట్టి మీదా మేత బస్తాల మీదా గుమ్మరించింది. పైన బిందెడు నీళ్ళు పోసింది. సున్నం బుస్సున పొంగింది.

"అమ్మా, ఆపవే దాన్ని!" అని దగ్గుతూ అరిచాడు అతను.

అత్తగారు ఒక మెట్టు దిగింది. ఆమె రెండో బిందె ఎత్తుకుని తలతిప్పి చూసింది.

"మీవాడు నన్ను కొట్టినప్పుడల్లా మీరు లోపలికెళ్ళి తలుపేసుకునేవారు కదా అత్తయ్యా. ఇప్పుడూ వెళ్ళి వేసుకోండి. నా పని ఇంకా అవ్వలేదు."