బీరువా ఆనని గోడ

ఎజ్రా ఆర్కిటెక్టు చదువంతా ఒక్క ఇంట్లో పోశాడు. కళింగపట్నం దగ్గర మేనత్త బేబీ ఇల్లు అది. తుపాను గాలి మూలలున్న గోడనే ముందు పట్టుకుంటుందని, ఈ తీరంలో పూర్వం అందరూ కట్టుకున్న చుట్టిల్లునే మళ్లీ కట్టాడు. మట్టి ఇటుకలు, తాటి దూలాలు, పైన పెంకు. ఎండాకాలం ఫ్యాను లేకుండా నిద్రపట్టే ఇల్లు. చర్చి కమిటీ చూసి మెచ్చితే, తుపానుకు కొంపలు పోయిన తక్కిన కుటుంబాలకూ ఇలాగే కడతారు. లేదంటే కాంట్రాక్టరు, సిమెంటు పెట్టెలు. కుర్రాడి ఆశంతా ఆ గుండ్రటి గోడ మీదే ఉంది.

కమిటీ ఇల్లు చూడ్డానికొచ్చే ఆదివారం, ప్రార్థన కాగానే అందరికంటే ముందు పరిగెత్తాడు. గోడ సగం లేదు. కప్పు కూలకుండా కింద సరుగుడు బాదులు పోటు పెట్టి ఉన్నాయి. వాకిట్లో కొత్త బీరువా, సోఫా, మంచమంత టీవీ ఎండుతున్నాయి. అత్త కొంగు బిగించి ఇటుకలు మోస్తోంది.

"ఏటత్తా ఇది? ఏటి సేసినావు?"

"ఏటి సెయ్యమంటావురా? బీరువా గోడకి ఆన్తాదేటి? ఎక్కడెట్టినా ఎనకాల సందే. కమిటీ పెద్దలొస్తే సోఫాలో కూసోబెట్టొద్దా? నీ పరువు కోసమే కదరా!"

"ఇల్లు సల్లగా లేదా?"

"సల్లగే ఉన్నాది. సల్లదనం ఎవులికి కనబడతాదిరా? సోఫా అయితే వచ్చినోళ్లందరికీ కనబడతాది."

"తుపానొస్తే?"

"అదెప్పుడో వస్తాది. సుట్టాలు రోజూ వస్తారు."

ఎజ్రాకు ఒళ్లు మండింది. మండి ఏం లాభం? ఇల్లంటే సామాను పెట్టుకునే చోటని లోకం ఎప్పుడో తేల్చేసుకుంది. మనిషి ఉండడానికని ఇంకా నమ్మే వెర్రివాడు ఇతనొక్కడే.

అంతలో కమిటీ పెద్ద డేవిడ్‌రాజు వచ్చాడు. ఇటుకల గుట్ట చూశాడు. "కట్టించుకున్నోలికే నచ్చనేదు. మరి కాంట్రాక్టరుకే సెప్పేద్దుం బాబూ" అని, నొచ్చుకుంటూనే వెళ్లిపోయాడు.

ఎజ్రాకు ఏడుపొచ్చింది. అత్త చేతి మట్టి దులుపుకుని అతని గడ్డం పట్టుకుంది.

"అలగకురా. మొన్న క్రిస్మస్‌కి శ్రీకాకుళంలో మీ ఫ్లాటు సూసినాను కదా! ఆ హాలు, ఆ ఏసీ, టీవీ ఎనకాల ఆ నున్నటి గోడ! నువ్వుండేలాటిదే నాకూ కట్రా. మాకు మాత్రం పాతకాలపుది ఎందుకు కట్టినావు?"

అందులో ఎగతాళి లేదు, నిజంగానే అడిగింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఎజ్రా సంచిలోంచి టేపు తీసి, బీరువా వెడల్పు కొలవడం మొదలుపెట్టాడు.